పని తీరిన గుర్రం: యజమానికీ జమాఅత్‌కూ ఒక ప్రశ్న

(జుమా రోజు అరబీ ఖుత్బాకు ముందు తెలుగులో చేసిన ప్రసంగ పాఠం)

సమస్త స్తోత్రాలూ సర్వలోకాల పోషకుడైన అల్లాహ్‌కే శోభిస్తాయి. భూమిపై సంచరించే ప్రతి ప్రాణి ఉపాధికీ బాధ్యత వహించినవాడు ఆయనే. లోకాలన్నింటికీ కారుణ్యమూర్తిగా పంపబడిన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు కురియుగాక! అమ్మా బాద్.



గత వర్షాకాలంలో మన మస్జిదుకు వచ్చే దారిలో, కాలువ గట్టు మీద ఒక తెల్ల గుర్రం నిలబడి ఉండటం మీలో చాలామంది చూశారు. ముందరి కుడి కాలు నేలకు ఆన్చలేక ఎత్తి పట్టుకుని ఉండేది. వీపు మీద జీను ఒరిపిడికి పడిన పుండు. మెడలో ఏదో పెళ్లి ఊరేగింపు నాటి రంగుదారం ఇంకా మిగిలి ఉంది. మొదటి రోజు ఫజర్ నమాజుకు వస్తూ నేను దానిని చూశాను. ఎవరో మేతకు వదిలి ఉంటారనుకున్నాను. రెండవ రోజు చూశాను. యజమాని వచ్చి తోలుకుపోతాడులే అనుకున్నాను. మూడవ రోజు పిల్లలు దానిపై రాళ్లు విసురుతుంటే మందలించాను. ఒక మంచి పని చేశానన్న తృప్తితో ఇంటికి వెళ్లాను. నాలుగవ రోజు తెల్లవారేసరికి అది పడిపోయి ఉంది. మధ్యాహ్నానికి ప్రాణం విడిచింది.

సోదరులారా! దానికి పది అడుగుల దూరంలో నిండు కాలువ పారుతోంది. కుంటి కాలుతో జారుడు గట్టు దిగి ఆ నీటిని అందుకోవడం దానికి సాధ్యం కాలేదు. రోజుకు ఐదు పూటలా ఆ దారిన నడిచిన మనలో ఒక్కరమైనా ఒక బాల్చీ నీళ్లు తెచ్చి దాని ముందు పెట్టలేదు. ఈ మింబర్ పక్కన నిలబడి మాట్లాడుతున్న నేనూ పెట్టలేదు. దప్పికతో తడిమట్టిని నాకుతున్న కుక్కను చూసి, బావిలోకి దిగి, తన మేజోడును నీటితో నింపి, నోట కరచుకుని పైకెక్కి దానికి తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడన్న హదీసును నేను ఎన్నోసార్లు మీకు వినిపించాను. ఆ మనిషి బావిలోకి దిగాడు. మనం కాలువ గట్టు దిగలేదు. ఈ నాటి ప్రసంగం ముందుగా నాకే వర్తిస్తుందని గ్రహించి వినవలసిందిగా కోరుతున్నాను.

కొన్ని వారాలకు ఒక సోదరుడు ఇషా తరువాత నా వద్దకు వచ్చాడు. పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని అద్దెకిచ్చి బతికే మనిషి. ఆ గుర్రం తనదేనని చెప్పాడు. అతని అనుమతితో, పేరు లేకుండా మీకు చెబుతున్నాను. దయచేసి ఎవరూ ఆరా తీయవద్దు. సోదరుని లోపాన్ని కప్పి ఉంచడం కూడా ధర్మమే. అతడు నన్ను అడిగినది ఇది:

"హజ్రత్, పిల్లిని కట్టేసి చంపిన ఆడమనిషి నరకానికి పోయిందని మీరే చెప్పారు. ఆమె కట్టేసింది. నేను విప్పి వదిలేశాను. తన మేత తాను వెతుక్కుంటుందని అల్లాహ్ పేర వదిలాను. నాది కూడా ఆమె తప్పేనా? తప్పే అయితే, కాలు విరిగిన గుర్రానికీ నలుగురు పిల్లలకూ ఒకే సంపాదనతో తిండి పెట్టలేని నేను ఏం చేసి ఉండాలి?"

ఇందులో రెండు ప్రశ్నలు ఉన్నాయి. మొదటిది యజమానిని గురించి. రెండవది మనందరినీ గురించి. రెండింటికీ ధర్మం ఏమి సమాధానం చెబుతుందో చూద్దాం.

ముందుగా గుర్రం స్థానం ఏమిటో తెలుసుకుందాం. పవిత్ర ఖుర్ఆన్‌లోని ఆదియాత్ సూరాలో అల్లాహ్ గుర్రాలపై ప్రమాణం చేశాడు. రొప్పుతూ పరుగెత్తే, గిట్టల తాకిడికి నిప్పురవ్వలు రాల్చే గుర్రాలను సాక్ష్యంగా నిలిపాడు. ఆ ప్రమాణం వెంటనే వచ్చే విషయం ఏమిటి? మానవుడు తన ప్రభువు పట్ల కృతఘ్నుడు అన్నదే. గుర్రం తనకు పిడికెడు దాణా పెట్టిన యజమాని కోసం ప్రాణాలకు తెగించి పరుగెత్తుతుంది. మనిషి తనకు సర్వస్వం ఇచ్చిన యజమానిని మరచిపోతాడు. నహ్ల్ సూరాలో గుర్రాలనూ, కంచర గాడిదలనూ, గాడిదలనూ స్వారీ కోసమూ, శోభ కోసమూ సృష్టించినట్లు అల్లాహ్ తెలిపాడు. గుర్రాల నుదుటి జూలులో ప్రళయదినం వరకూ శుభం ముడిపడి ఉందని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. అంతటి గౌరవం పొందిన జీవి మన గట్టు మీద దాహంతో చనిపోయింది.

ఇప్పుడు మొదటి ప్రశ్న. విప్పి వదిలినవాడు నిర్దోషియా?

పిల్లిని గురించిన ఆ హదీసును జాగ్రత్తగా గమనించండి. ఆ స్త్రీ నేరం రెండు భాగాలుగా చెప్పబడింది. ఆమె దానికి తిండి పెట్టలేదు. నేల మీది పురుగునో ఎలుకనో పట్టి తినే అవకాశమూ ఇవ్వలేదు. అంటే విడిచిపెట్టడం ఎప్పుడు మేలు అవుతుంది? విడిచిన జీవి తన బతుకు తాను బతకగలిగినప్పుడు. పిల్లి వేటాడగలదు. కాలు విరిగిన గుర్రం ఏమి చేయగలదు? దాని మెడకు తాడు లేదు, నిజమే. ఆ తాడు దాని కాలికి ఉంది. ఒక పక్క కాలువ, మరొక పక్క కంచె వేసిన రొయ్యల చెరువు, ముందూ వెనుకా లారీలు తిరిగే రోడ్డు. ఇటువంటి చోట విప్పి వదిలిన గుర్రం కట్టివేయబడిన గుర్రమే.

"అల్లాహ్ పేర వదిలాను" అన్న మాటకూ సమాధానం ఉంది. అజ్ఞాన కాలంలో అరబ్బులు కొన్ని ఒంటెలను తమ దైవాల పేర వదిలివేసేవారు. వాటిని సాయిబా అనేవారు. అటువంటి ఆచారాన్ని తాను నియమించలేదనీ, సత్యతిరస్కారులు తనపై అబద్ధం కల్పించారనీ మాయిదా సూరాలో అల్లాహ్ స్పష్టం చేశాడు. పశువును రోడ్డు మీదికి తోలి, దానికి దేవుని పేరు తగిలించినంత మాత్రాన బాధ్యత తీరదు. అల్లాహ్ పేర ఇవ్వడమంటే దానిని పోషించగలవాని చేతికి అప్పగించడం.

మన ధర్మవేత్తలు ఈ విషయంలో సందిగ్ధం లేకుండా మాట్లాడారు. తన అధీనంలోని పశువు తిండి, నీరు యజమానికి విధి. పోషించలేకపోతే దానిని అమ్మాలి, లేదా పోషించగలవారికి ఇవ్వాలి. అది పని చేసినంత కాలమే ఈ విధి అని ఎవరూ అనలేదు. ముసలిదైనా, కుంటిదైనా, గుడ్డిదైనా విధి విధే. యజమాని ఆ పని చేయకపోతే పాలకుడు అతనిని నిర్బంధించవచ్చునని ఇమామ్ అబూ యూసుఫ్ అభిప్రాయం.

మదీనాలో ఒక అన్సారీ తోటలోకి దైవప్రవక్త (స) వెళ్లినప్పుడు అక్కడి ఒంటె ఆయనను చూసి మూలిగింది. దాని కళ్ల నుండి నీరు కారింది. ఆయన దగ్గరకు వెళ్లి చెవుల వెనుక నిమిరారు. అది శాంతించింది. దాని యజమాని ఎవరని అడిగారు. ఒక యువకుడు ముందుకు వచ్చాడు. అల్లాహ్ నీ అధీనంలో ఉంచిన ఈ పశువు విషయంలో నీకు దైవభీతి లేదా అని ప్రవక్త (స) ప్రశ్నించారు. నీవు దానిని ఆకలితో మాడ్చి, పనితో అలసిపోజేస్తున్నావని అది నాతో మొరపెట్టుకుందని తెలిపారు. అబూ దావూద్ గ్రంథంలో ఉన్న ఈ ఉల్లేఖనం మనకు తెలిసినదే. నోరు లేని జీవి మొర వినబడలేదు కాబట్టి అది నమోదు కాలేదనుకోకండి.

కనుక ఆ సోదరునికి నేను చెప్పిన మొదటి జవాబు: అవును, అది పాపమే. పశ్చాత్తాపపడు. అతడు తల వంచుకున్నాడు. అయితే అతని రెండవ ప్రశ్న వద్ద నేను తల వంచుకోవలసి వచ్చింది. "నేను ఏం చేసి ఉండాలి?"

సోదరులారా! గుర్రం అక్కరలేనిదిగా ఒక్క రోజులో మారిపోదు. నా చిన్నతనంలో రాజమహేంద్రవరం గోదావరి స్టేషను బయట జట్కా బండ్లు వరుస కట్టి ఉండేవి. ఆ బండ్లు తోలేవారిలో, గుర్రాలకూ ఎద్దులకూ లాడాలు కొట్టే నాల్‌బందులలో మనవారు ఎందరో ఉండేవారు. ఉలవలు ఉడికిన వాసన ఆ వీధుల గుర్తు. ఆ తరువాత ఆటోలు వచ్చాయి. జట్కా పోయింది. మనిషి స్టీరింగు పట్టడం నేర్చుకున్నాడు. గుర్రం ఏమి నేర్చుకోగలదు? కొన్ని గుర్రాలు ఊరేగింపులకు మళ్లాయి. తక్కినవి చేతులు మారుతూ, మారిన ప్రతిసారీ మరింత బరువుకూ, మరింత తక్కువ మేతకూ దిగజారి, చివరకు ఏదో ఒక గట్టున నిలబడ్డాయి.

ప్రభుత్వ పశుగణన ప్రకారం 2012లో దేశంలో 6 లక్షలకు పైగా ఉన్న గుర్రాలు, పొట్టి గుర్రాలు 2019 నాటికి సుమారు 3 లక్షల 40 వేలకు తగ్గాయి. గాడిదలు 3 లక్షల 20 వేల నుండి 1 లక్షా 20 వేలకు పడిపోయాయి. పని పోయిన జీవిని పెంచేవారు లేరు. గాడిదల మాంసం అక్రమంగా అమ్ముడుపోతున్నదని మన రాష్ట్రంలోని కొన్ని జిల్లాలను గురించి, మన పశ్చిమ గోదావరితో సహా, పత్రికలు రాశాయి. పెంపుడు గాడిద మాంసాన్ని ఖైబర్ నాడు దైవప్రవక్త (స) నిషేధించారు. కనుక పని తీరిన పశువును అమ్మేవాడు ఎవరికి అమ్ముతున్నాడో తెలుసుకోవాలి. కొనేవాడు అడిగిన ధర ఇచ్చాడన్నంత మాత్రాన మన బాధ్యత ముగియదు.

గుర్రం ఆయుర్దాయం 25 సంవత్సరాలు, కొన్నింటికి 30. పందెపు గుర్రం పరుగు కొన్ని సంవత్సరాలలోనే ముగుస్తుంది. ఊరేగింపు గుర్రం కాలికి ఒక దెబ్బ తగిలితే ఆ రోజుతో ముగుస్తుంది. ఆ తరువాత మిగిలిన సంవత్సరాల మాటేమిటి? ఊరి మీద వదిలిన ఆవు చెత్తకుప్పను వెతికి కొంత కాలం ఈడుస్తుంది. అదీ దానికి హానికరమే. గుర్రానికి ఆ పాటి అవకాశం కూడా లేదు. అది తిన్నది కక్కలేదు. కుళ్లిన అన్నం, ప్లాస్టిక్ సంచి కడుపులో పడితే శూలనొప్పితో గిలగిలలాడి చనిపోతుంది. ఆరు నుండి ఎనిమిది వారాలకొకసారి గిట్టలు చెక్కించాలి. లేకపోతే అవి పెరిగి వంకరపోయి నడవలేదు. ముసలితనంలో పళ్లు అరిగితే మెత్తగా నానబెట్టిన మేత కావాలి. వేసవిలో రోజుకు 30, 40 లీటర్ల నీరు కావాలి. గ్లాండర్స్ వంటి వ్యాధి సోకిన గుర్రాన్ని వదిలేస్తే అది ఇతర గుర్రాలకే కాదు, మనుషులకూ ప్రాణాపాయం.

మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం పశువును ఆకలిదప్పులకు గురయ్యే విధంగా వదిలివేయడాన్ని నేరంగా పరిగణిస్తుంది. మొదటి తప్పుకు అందులో జరిమానా 10 రూపాయల నుండి 50 రూపాయలు. ఒక గడ్డిమోపు ఖరీదు కూడా కాదు. కాని ఆ లెక్క తీరినంత మాత్రాన పరలోకపు లెక్క తీరదు.

ఇక మన బాధ్యత ఎంత? ఒక ఉదాహరణ చెబుతాను. మొదటి ప్రపంచయుద్ధం తరువాత బ్రిటిషు సైన్యం తన గుర్రాలను వేల సంఖ్యలో ఈజిప్టులో అమ్మివేసింది. సైన్యంలో పని తీరిన ఆ గుర్రాలు కైరో వీధులలో బరువు బండ్లకు కట్టబడ్డాయి. 1930లో కైరోకు వచ్చిన డొరతీ బ్రూక్ అనే ఆంగ్ల స్త్రీ, యుద్ధం ముగిసి పన్నెండేళ్లయినా ఇంకా బరువులు లాగుతున్న ఆ ముసలి గుర్రాలను చూసింది. తన దేశపు పత్రికకు లేఖ రాసి చందా సేకరించి, కొన్ని సంవత్సరాలలో సుమారు ఐదు వేల గుర్రాలను కొన్నది. చాలావాటికి ఆమె ఇవ్వగలిగినది కొన్ని రోజుల విశ్రాంతి, కడుపునిండా మేత, నొప్పి లేని మరణం మాత్రమే. 1934లో అక్కడ ఒక ఉచిత పశువైద్యశాలను స్థాపించింది. నేను గమనించినది ఇది: ఆమె ఆ బండ్లవారి నుండి గుర్రాలను గుంజుకోలేదు. ధర చెల్లించింది. వారు కూడా పేదలేనని ఆమెకు తెలుసు.

ఈ పని మన చరిత్రకు కొత్త కాదు. డమాస్కస్ నగరంలో యజమానులు పోషించడం మానివేసిన ముసలి గుర్రాలు చనిపోయే వరకు మేయడానికి ఒక పచ్చికబయలు వక్ఫ్ చేయబడి ఉండేదని సిరియా విద్వాంసుడు ముస్తఫా అస్సిబాయీ రాశారు. పని తీరిన గుర్రం భారం ఒక్క పేద యజమాని నెత్తిన ఉండకూడదని ఆ వక్ఫ్ చేసిన దాత గ్రహించాడు. మనం గ్రహించలేదు.

ఆ సోదరుడు వస్తే నేను అప్పుడు ఏమి చెప్పగలిగేవాడిని? "ఓపిక పట్టు" అనేవాడినేమో. అది జవాబు కాదు. కనుక ఆలోచించి, పెద్దలతో సంప్రదించి, ఈ రోజు మీ ముందు కొన్ని మాటలు ఉంచుతున్నాను.

గుర్రాలు, గాడిదలు, ఎద్దులు పెంచే సోదరులారా! పశువు దెబ్బ తిన్న రోజునే చెప్పండి, వదిలిన తరువాత కాదు. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంది. ఊరేగింపు ఆదాయం వచ్చిన ప్రతిసారీ అందులో కొంత ఆ జంతువు ముసలితనానికి పక్కన పెట్టండి. అది సంపాదించినదే దానికి పెడుతున్నారు. ఇక నయం కాని నొప్పితో ఉన్న పశువు విషయం. బతికి ప్రయోజనం లేని జబ్బు గాడిదకు ప్రాణం తీసి విశ్రాంతినివ్వడంలో దోషం లేదని మన హనఫీ ఫత్వా గ్రంథాలు చెబుతున్నాయి. చట్టం కూడా పశువైద్యాధికారి నిర్ణయంతో దానికి అవకాశం ఇస్తుంది. నాలుగు రోజుల దాహం కంటే అది కరుణ. కాని ఆ నిర్ణయం వైద్యునిదే, మన విసుగుది కాదు.

పెళ్లిళ్లకు గుర్రాన్ని పిలిచే సోదరులారా! గుర్రాలు మూడు రకాలని హదీసు చెబుతోంది. ఒకరికి అది పుణ్యం. ఒకరికి పేదరికం నుండి కాపు. మరొకరికి పాపభారం. జీవనోపాధికి దానిని పెంచి, దాని మెడపైనా వీపుపైనా ఉన్న అల్లాహ్ హక్కును మరవనివానికి అది కాపు. గొప్పకూ ఆడంబరానికీ పెంచేవానికి భారం. మన వరుడు ఎక్కే గుర్రం ఈ మూడింటిలో దేని కిందకు వస్తుందో మీరే తేల్చుకోండి. అసలు ఆ ఊరేగింపు సున్నత్ కాదు. అయినా పిలిచినట్లయితే జీను ఎత్తి వీపు చూడండి. కుంటుతోందేమో నడిపించి చూడండి. ఆ రాత్రి అది ఎన్ని పెళ్లిళ్లు తిరిగిందో అడగండి. చెవుల దగ్గర టపాసులు కాల్చకండి. బేరమాడి మీరు తగ్గించిన ఐదు వందలు దాని మేత నుండే తగ్గుతాయి.

జమాఅత్ పెద్దలారా! జకాత్ సొమ్ముతో నేరుగా గడ్డి కొనలేము. జకాత్ అర్హుడైన మనిషి చేతికి అందాలి. కాని ఆ పేద యజమాని అర్హుడైతే అతనికి ఇవ్వవచ్చు. అతని పిల్లల తిండి చింత తీరితే గుర్రం తిండి అతడు చూసుకుంటాడు. స్వచ్ఛంద సదఖాను పశువు మేతకు నిస్సందేహంగా వెచ్చించవచ్చు. తడి ఉన్న ప్రతి గుండెకు చేసిన మేలుకూ ప్రతిఫలం ఉన్నదని దైవప్రవక్త (స) చెప్పారు కదా! మన మస్జిదులో ఇందుకోసం ఒక ప్రత్యేక హుండీ ఉంచడానికి కమిటీ అంగీకరించింది. తన కొబ్బరితోటలో ఒక షెడ్డు వేసుకోమని ఒక పెద్ద మనిషి అనుమతించారు. వారి పేరు కూడా చెప్పవద్దన్నారు. ఇది చిన్న ఏర్పాటు. రెండు మూడు జంతువులకు సరిపోతుంది. ఆ గుర్రం ఒక్కటే కదా!

చివరిగా దారిన పోయేవారికి, అంటే నాకూ మీకూ. యజమాని పోషించలేక వదిలివేసిన పశువును ఎవరైనా తీసుకుని బతికిస్తే అది అతనిదే అవుతుందని అబూ దావూద్‌లో ఒక ఉల్లేఖనం ఉంది. యాజమాన్యం విషయంలో ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయాలు ఉన్నాయి. వాటి వివరం వేరే సంగతి. కాని వదిలివేసిన జీవిని చూసినవాడు బతికించడానికి పూనుకుంటాడని ఆ ఉల్లేఖనం మన గురించి ఒక మంచి అంచనా వేసింది. ఆ అంచనాను మనం వమ్ము చేశాం. ఇకపై గట్టు మీద ఏ జీవి నిలబడి కనిపించినా "ఎవరిది?" అని అడగడానికి ముందు నీళ్లు పెట్టండి. ప్రశ్న తరువాత అడగవచ్చు.

భూమిపై నడిచే జంతువులూ, రెక్కలతో ఎగిరే పక్షులూ మన వంటి సముదాయాలేననీ, చివరకు అన్నీ తమ ప్రభువు సన్నిధికే సమీకరించబడతాయనీ అన్ఆమ్ సూరా మనకు చెబుతోంది. ఆ రోజున ఆ తెల్ల గుర్రం కూడా అక్కడ ఉంటుంది. దాని యజమాని ఉంటాడు. ఆ దారిన నడిచిన మనమూ ఉంటాం.

ఓ అల్లాహ్! నీవు మా అధీనంలో ఉంచిన జీవుల పట్ల మేము చేసిన అపరాధాన్ని క్షమించు. చూసి కూడా చూడనట్లు నడిచిపోయిన మా అడుగులను క్షమించు. పేదరికంతో తప్పు చేసిన మా సోదరుని పశ్చాత్తాపాన్ని స్వీకరించి, అతనికి ధర్మసమ్మతమైన ఉపాధిని విస్తృతం చెయ్యి. మా గట్లూ, మా తోటలూ, మా ఇళ్లూ నోరు లేని జీవులకు నీడనిచ్చేవిగా చెయ్యి. ఆమీన్.

మా ప్రార్థనలలో చివరి మాట: స్తోత్రాలన్నీ సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే.